పని ముందు, పీఠం తర్వాత

క్రైస్తవ సంఘంలో స్త్రీల స్థానం గురించిన వాదం రెండు వేల ఏళ్లుగా ఒకే చోట సుడి తిరుగుతోంది. ఆడవాళ్లు ప్రార్థించవచ్చా, రోగుల్ని చూడవచ్చా, పిల్లలకు చదువు చెప్పవచ్చా, ఇల్లిల్లూ తిరిగి సువార్త వినిపించవచ్చా అన్న దగ్గర పెద్దగా పేచీ లేదు. బలిపీఠం ముందు నిలబడి రొట్టె విరవవచ్చా, ప్రసంగ వేదిక ఎక్కి మగవాళ్లకు బోధించవచ్చా, సంఘం సొమ్ము మీదా నియామకాల మీదా సంతకం పెట్టవచ్చా అన్న దగ్గరే పేచీ. అవసరం పడ్డప్పుడల్లా సంఘం పనిని స్త్రీల చేతిలో పెట్టింది. ఆ పనికి తగిన పదవి ఇవ్వడానికి మాత్రం ఒక్కోసారి ఒక తరం, ఒక్కోసారి పది తరాలు ఆలోచించింది. తెలుగునాట ప్రొటెస్టెంట్ సంఘాల చరిత్ర 1805లో విశాఖపట్నంలో లండన్ మిషన్ అడుగుపెట్టినప్పటి నుంచి లెక్కేసినా రెండు వందల ఏళ్ల పైచిలుకే. ఈ కొద్దికాలంలోనే పై వరస మొత్తం మరోసారి మొదటి నుంచి చివరిదాకా నడిచింది.

ఫీబే కాలం

సిలువ దగ్గర చివరిదాకా నిలిచినవారిలో ఎక్కువమంది స్త్రీలేనని, మూడో రోజు తెల్లవారుజామున సమాధి దగ్గరికి వెళ్లింది కూడా వాళ్లేనని సువార్తలు చెబుతాయి. పునరుత్థాన వార్తను శిష్యులకు మోసుకెళ్లినవారిలో మగ్దలేనే మరియ పేరు ముందుంటుంది. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక చివరి అధ్యాయంలో వందనాల జాబితా ఒకటి ఉంది. అందులో మొదటి పేరు కెంక్రేయ సంఘంలో పరిచర్య చేసే ఫీబేది. ఆ తర్వాత ప్రిస్కిల్ల. ఈమె భర్త అకులతో కలిసి డేరాలు కుట్టే పని చేసేది, తమ ఇంట్లోనే సంఘాన్ని సమకూర్చేది, వాక్చాతుర్యం గల అపొల్లోకు భర్తతో కలిసి ఉపదేశం చేసింది.

స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న మాటలు కూడా పౌలు పత్రికల్లోనే ఉన్నాయి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం, తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయం నేటికీ అభ్యంతరం చెప్పేవారి ప్రధాన ఆధారాలు. అదే కొరింథు పత్రిక 11వ అధ్యాయంలో స్త్రీ ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు తలమీద ముసుగు ఉండాలన్న నియమం కనిపిస్తుంది. నోరు మెదపకూడదన్న చోట ప్రవచనానికి నియమం ఎందుకన్న ప్రశ్నకు పండితులు ఇప్పటికీ తలా ఒక జవాబు చెబుతారు. క్రీస్తులో స్త్రీ పురుష భేదం లేదన్న గలతీయుల పత్రిక వాక్యం రెండో పక్షం వారి కొండంత అండ. ఇరుపక్షాల చేతిలోనూ ఉన్నది ఒకే గ్రంథం గనుక తీర్పు తరచూ ఆ కాలపు అవసరాన్ని బట్టే వచ్చింది.

రోమా సామ్రాజ్యంలో బితూనియ ప్రాంత గవర్నరు ప్లినీ క్రీ.శ. 112 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తికి రాసిన లేఖలో, సంగతి రాబట్టడానికి సంఘ పరిచారికలుగా పిలిచే ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించానని చెప్పుకున్నాడు. క్రైస్తవులంటే గిట్టని అధికారి కంటికి కూడా సంఘంలో బాధ్యత గలవారిగా కనిపించింది ఆ ఇద్దరు దాసీలే. మూడో శతాబ్దపు సిరియా సంఘ నియమావళి పరిచారకురాళ్ల పని ఏమిటో వివరంగా చెబుతుంది. వయసొచ్చిన స్త్రీలు నీళ్లలో మునిగి బాప్తిస్మం పొందేటప్పుడు ఒంటికి నూనె రాయాలి, మగ పరిచారకుడు వెళ్లలేని ఇళ్లలో రోగిష్టి ఆడవాళ్లను చూసుకోవాలి. 451లో జరిగిన కల్కెదోను మహాసభ పరిచారకురాలికి కనీస వయసు నలభై అని నిర్ణయించింది. తర్వాత పెద్దవాళ్ల బాప్తిస్మాలు తగ్గి పసిపిల్లల బాప్తిస్మాలే వాడుకయ్యాయి. ఆ పని పోవడంతో ఆ పదవీ క్రమంగా కనుమరుగైంది. పశ్చిమ ఐరోపాలో త్వరగా, తూర్పు సంఘాల్లో కొంత ఆలస్యంగా.

మధ్యయుగాల్లో చదువూ అధికారమూ కావాలనుకున్న స్త్రీకి మఠం ఒక్కటే దారి. సంస్కరణోద్యమం ప్రొటెస్టెంట్ దేశాల్లో ఆ మఠాలనూ మూసేసి, వాటికి బదులు పాస్టరు భార్య అనే కొత్త పాత్రను తెచ్చింది. జీతం లేని ఆ ఉద్యోగం ఇప్పటికీ నడుస్తోంది.

పెరటి గుమ్మం దారి

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీద ఐదుగురు మోకరించి తెలుగు దేశం కోసం ప్రార్థించారు. నెల్లూరు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే ఆయన, జూలియా, రూతు. మూతపడబోతున్న మిషన్ అది. తెలుగు బాప్టిస్టుల చరిత్రకు ఆ ప్రార్థనే ఆరంభమని చెప్పుకుంటారు, ఆ కొండను ప్రార్థన కొండ అంటారు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు, ఆ ముగ్గురిలో ఇద్దరు తెలుగు సంఘంవారు. పావు శతాబ్దం తర్వాత 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో దిగి వంతులవారీగా బాప్తిస్మం ఇచ్చిన ఆరుగురు బోధకులూ మగవాళ్లే. కొండ మీద సంఖ్యకూ ఏట్లో సంఖ్యకూ ఉన్న ఈ తేడాను సంఘ చరిత్రలు రాసినవారు పెద్దగా పట్టించుకోలేదు.

ఆ రోజు బాప్తిస్మం పొందినవారిలో అత్యధికులు మాదిగలు. వాళ్ల కులాచారంలో స్త్రీకి పూజాధికారం కొత్త కాదు. మాతంగిగా ఎంపికైన మాదిగ స్త్రీ గ్రామదేవత జాతరలో పూనకంతో ఊరేగుతూ పెద్దకులాల వాళ్ల మీద ఉమ్మితే, వాళ్లు దాన్ని అరిష్టం తొలగించే చర్యగా తల వంచి స్వీకరించేవారు. ఒంగోలులో మిషనరీగా పనిచేసిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చయిన తన పుస్తకంలో ఈ ఆచారాన్ని నమోదు చేశారు. మాతంగి జీవితంలో దోపిడీ, అవమానం తక్కువేం కాదు, దాన్ని స్వర్ణయుగంగా చూపడం తప్పు. అయినా దేవుడి ముందు ఊరి తరఫున స్త్రీ నిలబడడం ఎరిగిన జనం, వేదిక అంతా మగవాళ్లదే అయిన ఆరాధనలోకి వచ్చారన్నది నిజం.

సంఘం ఆ స్త్రీలకు ఇచ్చిన పని పేరు బైబిలు స్త్రీ. పందొమ్మిదో శతాబ్దపు తెలుగు జిల్లాల్లో మగ ఉపదేశి గడప దాటి లోపలికి వెళ్లలేని ఇళ్లు వేలల్లో ఉండేవి. ఘోషా పాటించే ఇళ్లు, మగాళ్లు పొలాలకు వెళ్లాక ఆడవాళ్లే మిగిలే ఇళ్లు. అక్కడికి వెళ్లడానికి మిషన్లకు స్త్రీలే గతి. బైబిలు స్త్రీ సంచిలో విడి సువార్త పుస్తకాలు, రంగుల బొమ్మల చుట్ట, కొన్ని కీర్తనలు ఉండేవి. ఎండలో నడిచి వెళ్లి, పెరటి గుమ్మంలోనో వసారా అంచునో కూర్చుని, ముందు పాట పాడేది. బొమ్మ విప్పి కథ చెప్పేది. అడిగినవాళ్లకు అక్షరాలు దిద్దించేది. తక్కువ కులంవారని గడప లోపలికి రానివ్వని ఇళ్లలో గడప బయటి నుంచే పాఠం చెప్పేది. చాలామంది వితంతువులు, భర్త వదిలేసినవారు. నెల జీతం అమెరికాలోనో ఇంగ్లండులోనో స్త్రీల సమాజాలు సేకరించిన చందాల నుంచి వచ్చేది. తెలుగు నేల మీద సొంత సంపాదనతో, ఊళ్లు తిరిగే వృత్తితో బతికిన తొలితరం దళిత స్త్రీలలో వీళ్లు ముందు వరసలో ఉంటారు. 2013లో తెలుగు బైబిలు స్త్రీల గురించి పుస్తకం రాసిన చరిత్రకారుడు జేమ్స్ ఎలీషా తానేటి వచ్చేదాకా వీళ్లను గురించి విడిగా గ్రంథం రాయాలని ఎవరికీ తోచినట్టు లేదు. మిషన్ నివేదికల్లో ఏడాదికి ఎన్ని ఇళ్లు తిరిగారో లెక్క ఉంటుంది, పేరు ఉండదు.

వీరికి శిక్షణ ఇవ్వడానికి పాఠశాలలూ పుట్టాయి. రాజమండ్రిలోని లూథరన్ల షార్లెట్ స్వెన్సన్ స్మారక బైబిలు శిక్షణ పాఠశాల వాటిలో పేరున్నది. బి.వి. సుబ్బమ్మ అక్కడ పనిచేస్తూనే స్త్రీల పరిచర్య గురించి, హిందూ కుటుంబాల మధ్య సంఘం ఎలా మెలగాలన్న దాని గురించి ఆలోచించారు. 1970లో ఇంగ్లీషులో వెలువడిన ఆమె పుస్తకాన్ని విదేశీ వేదాంత కళాశాలల్లో కూడా చదివారు.

గుంటూరు డాక్టరమ్మ

తెల్లజాతి స్త్రీలకు కూడా దారి సులువుగా దొరకలేదు. అన్నా సారా కుగ్లర్ వైద్యం చదివి, 1883లో అమెరికా లూథరన్ మిషన్ తరఫున గుంటూరు చేరారు. మిషన్ బోర్డు ఆమెను డాక్టరుగా పంపలేదు, ఘోషా ఇళ్లలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయినిగా పంపింది. ఆమె పాఠాలు చెబుతూనే మందులూ ఇచ్చారు. రెండేళ్లకు, 1885లో, బోర్డు ఆమెను వైద్య మిషనరీగా గుర్తించక తప్పలేదు. 1898లో గుంటూరులో ఆసుపత్రి తెరుచుకుంది. ఆమె చికిత్సతో భార్య కోలుకున్నందుకు ఏలూరు రాజా భుజంగరావు రోగుల బంధువుల కోసం ఆసుపత్రి పక్కన సత్రం కట్టించారు. 1930లో కుగ్లర్ గుంటూరులోనే కన్నుమూశారు. కుగ్లర్ ఆసుపత్రి పేరు గుంటూరు జిల్లా పెద్దవాళ్లకు నేటికీ తెలుసు.

పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి ప్రపంచం మొత్తం మీద ప్రొటెస్టెంట్ మిషనరీల్లో సగానికి పైగా స్త్రీలే. ఆసుపత్రి నడిపిన డాక్టరుకు, హైస్కూలు నడిపిన ప్రధానోపాధ్యాయినికి మిషన్ సభలో ఓటు లేని మిషన్లు ఆ రోజుల్లో చాలా ఉండేవి.

స్వదేశీ విదుషికి ఎదురైంది ఇంకో రకం గోడ. సంస్కృత పండితురాలు రమాబాయి 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం పుచ్చుకున్నారు. చెల్టెన్‌హామ్ మహిళా కళాశాలలో చదువుతున్నప్పుడు ఆమె మగ విద్యార్థులకు సంస్కృతం చెప్పే ప్రతిపాదన వచ్చింది. భారతదేశంలో ఉన్న ఆంగ్లికన్ బిషప్పులు ఒప్పుకోలేదు. ఆడది మగవాళ్లకు పాఠం చెబితే స్వదేశానికి తిరిగి వచ్చాక ఆమె మాటకు విలువ ఉండదన్నది వాళ్ల వాదన. కలకత్తా పండితులు సరస్వతి అని బిరుదిచ్చిన స్త్రీ ఆమె. తన మనస్సాక్షిని ఏ మతగురువుకీ తాకట్టు పెట్టలేదని ఆమె రాసిన ఉత్తరాలు నేటికీ అచ్చులో దొరుకుతాయి. పూణే దగ్గర కేడ్గాంవ్‌లో ఆమె స్థాపించిన ముక్తి మిషన్‌లో వితంతువులూ కరువు బాధిత బాలికలూ ఆశ్రయం పొందారు. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలు మొత్తాన్ని ఆమె మరాఠీలోకి అనువదిస్తే, ముక్తి స్త్రీలే అక్షరాలు కూర్చి అచ్చు వేశారు. పుస్తకం పూర్తిగా వెలువడింది 1924లో, ఆమె చనిపోయిన రెండేళ్లకు. తెలుగులోగానీ మరాఠీలోగానీ అంతకుముందు బైబిలు అనువాద సంఘాలు మగవాళ్లవే.

1912లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన హయాంలో పల్లె ఉపాధ్యాయులుగా శిక్షణకు వచ్చే యువకులు భార్యాపిల్లలతో వచ్చేవారు. భార్యలకు కూడా చదువు, బోధన నేర్పేవారు. పల్లెకు వెళ్లాక పగలు బడి, రాత్రి ప్రార్థన, కాన్పులు, జబ్బులు ఇద్దరూ చూసుకునేవారు. డోర్నకల్‌లో స్త్రీల పనికి అజరయ్య భార్య అంబు మరియమ్మాళ్ పెద్దదిక్కు. ఉద్యోగం భర్త పేరు మీద, పని ఇద్దరి పేరు మీద నడిచే ఈ పద్ధతికి ఫలితాలు బాగా వచ్చాయి. ఇదే అలవాటై, పాస్టరు భార్య పని లెక్కలోకి రాకుండా పోవడానికీ దారి తీసింది.

యుద్ధం తెరిచిన తలుపు

ఆంగ్లికన్ చరిత్రలో తొలి మహిళా గురువు లండన్‌లోనో న్యూయార్క్‌లోనో రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం హాంకాంగ్‌ను ఆక్రమించింది. తటస్థంగా ఉన్న పోర్చుగీసు మకావోలో కాందిశీకులు కిక్కిరిసిపోయారు. హాంకాంగ్ నుంచి గురువులు అక్కడికి రాలేరు. సంఘాన్ని చూసుకుంటున్నది పరిచారకురాలు ఫ్లోరెన్స్ లీ టిమ్ ఓయ్ ఒక్కరే. ప్రభు భోజనం ఇవ్వడానికి మొదట ఆమెకు తాత్కాలిక అనుమతి ఇచ్చిన బిషప్ రొనాల్డ్ హాల్, 1944 జనవరి 25న చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో ఆమెను గురువుగా అభిషేకించారు. యుద్ధం ముగిసింది, గురువులు తిరిగి దొరికారు, దుమారం లేచింది. 1946లో ఆమె గురువుగా పనిచేసే అనుమతి పత్రాన్ని వదులుకున్నారు, అభిషేకాన్ని మాత్రం వదులుకోలేదు. హాంకాంగ్ సంఘం 1971లో ఆ అభిషేకాన్ని గుర్తించింది.

తర్వాత పరిణామాలు వేగం అందుకున్నాయి. 1974లో ఫిలడెల్ఫియాలో పదకొండు మంది స్త్రీలు సంఘం అనుమతి లేకుండానే అభిషేకం పొందారు, రెండేళ్లకు అమెరికా ఎపిస్కోపల్ సంఘం నియమం మార్చింది. 1989లో బార్బరా హారిస్ మసాచుసెట్స్‌లో ఆంగ్లికన్ ప్రపంచపు తొలి మహిళా బిషప్ అయ్యారు. ఇంగ్లండు సంఘం 1992లో ఓటు వేసి, 1994 మార్చిలో బ్రిస్టల్‌లో 32 మందిని గురువులుగా అభిషేకించింది. లూథరన్లలో డెన్మార్క్ 1948లోనే తలుపు తెరిచింది. అందరికంటే ముందు, 1853లో, అమెరికాలో ఆంట్వనెట్ బ్రౌన్‌ను ఒక చిన్న కాంగ్రిగేషనల్ సంఘం తన పాస్టరుగా నియమించుకుంది. ఆ సంఘాల్లో పై అధికారి ఎవరూ ఉండరు, ఊరి సంఘానిదే చివరి మాట.

నంద్యాల

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, ఏర్పడింది. ఈ కలయికకు తెలుగు నేల మీద గట్టిగా అడ్డం తిరిగింది నంద్యాల ఆంగ్లికన్లు. బిషప్ చేత అభిషేకం పొందని గురువులను తమ గురువులుగా ఒప్పుకోవడం వేలమంది విశ్వాసులకు మింగుడు పడలేదు. చుట్టూ ఉన్న తెలుగు ఆంగ్లికన్లు సీఎస్ఐలో కలిసినా నంద్యాల విడిగానే ఉండిపోయి, 1963లో సొంత అధ్యక్ష మండలం (డయాసిస్) అయింది. 1975లో గానీ సీఎస్ఐలోకి రాలేదు. అభిషేకం విషయంలో అంత పట్టుదల గల చోటు ఇది.

సీఎస్ఐ అత్యున్నత సభ అయిన సినడ్ 1970ల దశకంలో స్త్రీల ఆర్డినేషన్‌ను, అంటే గురువులుగా అభిషేకాన్ని, అంగీకరించింది. కర్నూలు జిల్లాలో పుట్టిన ఎగ్గోని పుష్పలలిత 1983లో ఆర్డినేషన్ పొందారు. పల్లె పాస్టరేట్లలో, అంటే ఒక పాస్టరు పరిధిలోని సంఘాల్లో, పనిచేస్తూ వచ్చిన ఆమెను మూడు దశాబ్దాల తర్వాత 2013 సెప్టెంబరు 30న నంద్యాల హోలీ క్రాస్ కెథెడ్రల్‌లో నంద్యాల బిషప్‌గా అభిషేకించారు. సీఎస్ఐలో బిషప్ అయిన తొలి మహిళ ఆమె. అప్పటికి ఇరవైకి పైగా ఉన్న అధ్యక్ష మండలాల్లో మిగతా అన్నిచోట్లా మగ బిషప్పులే. ఐర్లండులో తొలి మహిళా బిషప్ పాట్ స్టోరీ వచ్చింది ఆ తర్వాత రెండు నెలలకు. ఇంగ్లండు సంఘంలో లిబ్బీ లేన్ బిషప్ అయ్యేసరికి 2015 జనవరి వచ్చింది. నంద్యాలకు మిషనరీలను పంపిన దేశం కంటే నంద్యాల పదహారు నెలలు ముందుంది.

సీఎస్ఐలో బిషప్ ఎంపికకు రెండు మెట్లు ఉంటాయి. అధ్యక్ష మండల కౌన్సిల్ ఓట్లు వేసి కొన్ని పేర్ల ప్యానెల్ తయారు చేస్తుంది, అందులోంచి ఒకరిని సినడ్ ఎంపిక చేస్తుంది. ప్యానెల్‌లోకి రావాలంటే కౌన్సిల్‌లో ఓట్లు కావాలి. కౌన్సిల్‌లో ఉండేది పాస్టర్లు, పాస్టరేట్ల నుంచి ఎన్నికైన ప్రతినిధులు. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, స్థలాలు చేతిలో ఉన్న మండలాల్లో ఈ ఎన్నికలు పంచాయతీ ఎన్నికలకు ఏమాత్రం తీసిపోవు. ఊరూరూ తిరగాలి, వర్గం కట్టాలి, ఖర్చు పెట్టాలి. సిద్ధాంతపరంగా అడ్డు లేకపోయినా స్త్రీలు ప్యానెల్ దాకా రాలేకపోవడానికి ఈ లెక్కలే పెద్ద కారణం.

కుండలో బియ్యం, కమిటీలో కుర్చీ

ఆర్డినేషన్‌తో కథ ముగియదు. హైదరాబాద్ గాంధీనగర్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ 1964లో రాజమండ్రిలో మొదలై 1973లో నగరానికి మారింది. బీడీ అనే వేదాంత డిగ్రీ చదివిన అమ్మాయిలు అక్కడి నుంచి బయటికి వస్తూనే ఉన్నారు. డిగ్రీ చేతికొచ్చాక పోస్టింగు దగ్గర చిక్కు వస్తుంది. పెద్ద పట్టణపు పాస్టరేటు కంటే హాస్టలు వార్డెన్ పని, స్త్రీల విభాగం, లేదా దూరపు పల్లె వారి వంతు కావడం మామూలు. భర్త ఉద్యోగం ఒక ఊళ్లో, పాస్టరేటు బంగళా ఇంకో ఊళ్లో అయితే కుటుంబం రెండు ముక్కలు. మగ పాస్టరును నియమించుకున్న సంఘానికి ఆదివారపు బడి, స్త్రీల మైత్రి నడిపే అమ్మగారు కూడా జీతం లేకుండా దొరుకుతుంది. మహిళా పాస్టరు భర్త నుంచి అలాంటి సేవ ఎవరూ ఆశించరు, ఆ పని కూడా ఆమే చేసుకోవాలి.

పల్లె సంఘాల ఆర్థికం ఎక్కడ మొదలవుతుందో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. పొయ్యి మీద ఎసరు పెట్టాక, కడగబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి పక్క కుండలో వేయడం చాలా క్రైస్తవ ఇళ్లలో తరాలనాటి అలవాటు. కూలి దొరకని రోజుల్లో కూడా మానని ఇల్లాళ్లు ఉన్నారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి వస్తుంది. ఆరాధన అయ్యాక కొలిచి అమ్ముతారు. కోత పండుగకు కోళ్లు, గుమ్మడికాయలు, కొత్త ధాన్యం, అరటి గెలలు వేలం పాడతారు, మామూలు కొబ్బరికాయ ఐదొందలు పలుకుతుంది. వచ్చిన డబ్బు పాస్టరు జీతానికి, పై కార్యాలయానికి కట్టాల్సిన వాటాకు పోతుంది. కుండలో బియ్యం వేసింది ఆడవాళ్లు, లెక్క రాసి సంతకం పెట్టేది ఎక్కువ చోట్ల మగ కోశాధికారి. సీఎస్ఐ సినడ్ స్థాయిలో పాలిన్ సత్యమూర్తి వంటి స్త్రీ ప్రధాన కార్యదర్శి పదవి దాకా వెళ్లారు. ఊరి పాస్టరేట్ కమిటీలో మాత్రం ఒకరిద్దరు స్త్రీ సభ్యుల పేర్లు నిబంధన కోసం రాసుకుని సరిపెట్టే చోట్లు ఇంకా ఉన్నాయి. దళిత కుటుంబాల నుంచి వచ్చిన స్త్రీలకు ఇది కొత్త కూడా కాదు, పొలం గట్టు మీద వాళ్లు ఎరిగిన లెక్కే.

సిస్టర్లు, గురువులు

కతోలిక సంఘంలో లెక్క వేరు. అక్కడ స్త్రీకి గురుపట్టం లేదు. 1976లో వాటికన్ ప్రకటన, 1994లో రెండో జాన్ పాల్ పోపు లేఖ ఈ విషయాన్ని ఖరాఖండీగా చెప్పాయి. యేసు పన్నెండు మంది పురుషులనే అపొస్తలులుగా ఎంచుకున్నాడని, బలిపూజలో గురువు క్రీస్తు స్థానంలో నిలుస్తాడని వాటి వాదన. అదే సంఘంలో ప్రపంచవ్యాప్తంగా గురువుల కంటే సిస్టర్ల సంఖ్య ఎక్కువ. భారతదేశంలో వారి సంఖ్య సుమారు లక్ష. తెలుగు జిల్లాల్లో రెండు మూడు తరాల ఆడపిల్లలు, ఏ మతంవారైనా, సిస్టర్ల బళ్లలో చదివి, సిస్టర్ల ఆసుపత్రుల్లో కాన్పులు చేయించుకున్నారు. గురువు రాలేని పల్లెలో ఉపదేశి ప్రార్థన నడుపుతాడు. అనుమతి ఉన్న సిస్టరు దివ్యసత్ప్రసాదం తీసుకెళ్లి పంచవచ్చు. ఆ అప్పాన్ని ఆశీర్వదించే పూజ మాత్రం ఆమె చేయరాదు.

పోపు ఫ్రాన్సిస్ కాలంలో కొన్ని తలుపులు ఓరగా తెరుచుకున్నాయి. 2021లో పఠనకర్త, పీఠసేవక బాధ్యతలను స్త్రీలకు అధికారికంగా ఇవ్వవచ్చన్నారు. 2023 కతోలిక సినడ్‌లో స్త్రీలు మొదటిసారి ఓటు వేశారు. 2025 జనవరిలో ఇటలీకి చెందిన సిస్టర్ సిమోనా బ్రాంబిల్లా వాటికన్‌లో ఒక ప్రధాన విభాగానికి అధిపతి అయ్యారు. ఆ విభాగం చూసేది మఠవాసుల వ్యవహారాలనే. పరిచారకురాళ్ల పదవిని తిరిగి తేవడంపై 2016లో ఒకటి, 2020లో ఇంకొకటి సంఘాలు వేశారు, 2024 సినడ్ తుది పత్రం ఆ ప్రశ్నను తేల్చకుండా వదిలింది. ప్రాచీన పదవిని ముందుగా బతికించింది ఆర్థడాక్సుల్లో ఒక శాఖ: అలెగ్జాండ్రియా పేట్రియార్కేట్ 2024 మేలో జింబాబ్వేలో ఒక స్త్రీని పరిచారకురాలిగా అభిషేకించింది.

భారత కతోలిక బిషప్పుల మండలి 2010లో స్త్రీ పురుష సమానత్వ విధానం ప్రకటించింది. కాగితం మీద అది ఘనంగానే ఉంది. 2018లో కేరళలో ఒక బిషప్ మీద సిస్టరు చేసిన అత్యాచార ఆరోపణపై ఐదుగురు సిస్టర్లు కొచ్చిలో వీధిలో కూర్చుని నిరసన తెలపాల్సి వచ్చింది. 2022 జనవరిలో కింది కోర్టు ఆ బిషప్‌ను నిర్దోషిగా విడుదల చేసింది. కేసు ఎటు తేలినా, మఠం లోపల ఫిర్యాదు వినే నాథుడు ఎవరన్న ప్రశ్నను ఆ ఐదుగురూ దేశం ముందు పెట్టారు.

కోర్టు మెట్లు

సంఘంలో దొరకనిది కొన్నిసార్లు కోర్టులో దొరికింది. తెలుగు క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేని ఆస్తిలో కొడుకూ కూతురూ సమానమే. తిరువాన్కూరు క్రైస్తవులకు మాత్రం 1916 నాటి వేరే చట్టం ఉండేది, అందులో కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా ఐదువేల రూపాయలు, ఏది తక్కువైతే అది. దాన్ని సవాలు చేసిన మేరీ రాయ్ కేసులో 1986లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదంది. కేరళలో పలు చర్చిలు ఆ తీర్పును వ్యతిరేకించాయి. విడాకుల్లో అసమానత దేశమంతటి క్రైస్తవులది. 1869 నాటి చట్టం ప్రకారం భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి చాలు, భార్య మాత్రం వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేసిపోవడమో కూడా నిరూపించాలి. ఈ తేడా 2001లో గానీ పోలేదు. చట్టంలో సమాన వాటా ఉన్నా, పెళ్లప్పుడు కట్నం ఇచ్చేశాం కదా అని కూతురి వాటా ఎగ్గొట్టడం తెలుగు క్రైస్తవ ఇళ్లలోనూ మామూలే. ఆ పెళ్లి జరిపించిన పాస్టరు కట్నం మాట ఎత్తడు.

వేదిక మీద అమ్మగారు

తెలుగునాట ఇప్పుడు వేగంగా పెరుగుతున్నవి పాత సంఘాలు కావు, స్వతంత్ర ప్రార్థనా మందిరాలు. హైదరాబాద్ హెబ్రోనులో 1950 నుంచి సువార్తికుడు బక్త్ సింగ్ నిలిపిన సహవాసాల తరహా మందిరాల్లో స్త్రీలు ముసుగుతో ఒక పక్కన కూర్చుంటారు, పెద్దలుగా మగవాళ్లే ఉంటారు. పెంతెకోస్తు మందిరాల్లో చిత్రం వేరు. పాస్టరు భార్య మైకు పట్టుకుని ప్రసంగిస్తుంది, పాటలు రాస్తుంది, యూట్యూబులో లక్షలమంది వింటారు, ఉపవాస కూడికలకు ఊళ్ల నుంచి ఆడవాళ్లు ఆటోలు కట్టించుకుని వస్తారు. స్త్రీ మౌనంగా ఉండాలన్న వాక్యం అక్కడ కూడా బైబిల్లో ఉంది. దేవుడు వరం ఇచ్చాక ఆపడానికి మనమెవరం అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. సినడ్ లేదు, ఓటు లేదు, ప్యానెల్ లేదు, కాబట్టి పోరాడి గెలవాల్సిన నియమం కూడా లేదు.

అయితే నియమం లేని చోట హక్కు కూడా ఉండదు. ఆమె వేదిక ఆమె భర్త వేదికే. మందిరం ట్రస్టు కాగితాలు, స్థలం పట్టా, బ్యాంకు ఖాతా ఎవరి పేరు మీద ఉన్నాయన్నది భర్త పోయాకే తెలుస్తుంది. అప్పుడు సంఘాన్ని చెదిరిపోకుండా పట్టుకుని నడిపిన వితంతువులు చాలా ఊళ్లలో ఉన్నారు. జనం వాళ్ల మాట వింటారు, బాప్తిస్మాలు, సమాధి ప్రార్థనలు వాళ్ల చేతుల మీదుగానే జరుగుతాయి. కొడుకు బైబిలు కాలేజీ నుంచి తిరిగొచ్చాక వేదిక అతనికి వెళుతుంది, ఆమె మళ్లీ ముందు వరస చాప మీదికి వస్తుంది. ఆ రోజు దాకా ఆమె చేసిన పనికి ఆర్డినేషన్ పత్రం లేదు గనుక, దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.